మా అవ్వ ‘చనిపోయింది’ అని రాస్తారా అన్నా?

తిరుపతి పక్క పల్లెలో గంగమ్మ జాతర పాటలు పాడే ఒక ముసలావిడ పోయిన మూడో రోజు ఆమె మనవడు నాకు ఫోన్ చేశాడు. అప్పటికి ఆ ఇంట్లో దినాలు కూడా కాలేదు. “అన్నా, మా అవ్వ గురించి వికీపీడియాలో ‘పాడింది, చనిపోయింది’ అని పెట్టినారే, గొడ్డు చచ్చినట్టు. అది చూసి మా నాయన ఏడ్చినాడు” అన్నాడు. ఆ వ్యాసం మొదలుపెట్టింది నేనే. ఏం చెప్పాలో తెలియలేదు.

అంతకుముందే అతను ఆ వ్యాసంలోకెళ్లి ‘శ్రీమతి’, ‘గారు’, ‘పరమపదించారు’ అన్నీ చేర్చాడు, ఎవరో వాటిని తీసేశారు, ఇతను మళ్లీ పెట్టాడు, రాత్రికల్లా ఎవరేం మార్చారో చూపే ఆ పేజీ చరిత్ర నిండా ఇదే గొడవ.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో జీవిత చరిత్రలకు ఏకవచనమే పద్ధతి, కృష్ణదేవరాయలైనా నిన్నటి సినిమా హీరో అయినా ‘చేశాడు’ అనే రాస్తారు. ఒకరికి ‘గారు’ పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే ఆ తేడా ఎవరు తేల్చాలన్న చిక్కు ఉండనే ఉంది, పైగా మన చరిత్ర పాఠాల్లోనూ రాయలు యుద్ధం ‘గెలిచాడు’ అనే చదువుకున్నాం. మగవాళ్ల విషయంలో ఇది ఎలాగో నెట్టుకొస్తుంది. ఆడవాళ్ల దగ్గరే భాష అడ్డం తిరుగుతుంది. ఆవు వచ్చింది, ఆమె వచ్చింది, రెండిటికీ ఒకటే క్రియ. ‘వచ్చారు’ అంటే తప్ప మనిషికీ పశువుకీ తేడా కనపడదు. అందుకే ఆ కుర్రాడి కోపాన్ని నేను తీసిపారేయలేను, అతను పట్టుకున్నది నిజంగా ఉన్న లోపమే.

ఇంగ్లీషులో ఎవరైనా పోయారంటే వ్యాసంలో మొదట మార్చేది మొదటి వాక్యంలోని ‘ఈజ్’ని. దాన్ని ‘వాజ్’ చేయడానికి పోటీపడే వాళ్లున్నారు. మనకు ఆ పని లేదు. ‘ఆమె జానపద గాయని’ అన్న వాక్యంలో క్రియే లేదు, మనిషి ఉన్నా పోయినా అది అట్లాగే ఉంటుంది. దాంతో దుఃఖమంతా మర్యాద మీదికి మళ్లుతుంది.

తొందరపడి రాస్తే ఏమవుతుందో ఇంగ్లీషు వికీపీడియాకు బాగా తెలిసొచ్చింది. 2005లో జాన్ సీగెంథాలర్ అనే అమెరికా పాత్రికేయుడికి జాన్, రాబర్ట్ కెనెడీల హత్యలతో సంబంధం ఉందని ఎవరో రాసిపెడితే అది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. బతికున్నవాళ్ల జీవిత చరిత్రలకు గట్టి నియమాలు వచ్చింది ఆ తర్వాతే. కొత్తగా పోయినవాళ్లకూ కొంతకాలం, మహా అయితే రెండేళ్లదాకా, అవే వర్తిస్తాయి. 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారం రోజు విందులో సొమ్మసిల్లిన వాళ్ల తమ్ముడు, సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ చనిపోయినట్టు రాసేశారు, ఆయన ఆగస్టుదాకా బతికారు.

అదే ఏడాది మార్చిలో జరిగింది ఇంకా వింత. సంగీత దర్శకుడు మారిస్ జార్ పోయిన వెంటనే డబ్లిన్‌లో చదివే ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా ఒక మాట కల్పించి వికీపీడియాలో పెట్టాడు. సంపాదకులు మూలం లేదని తీసేశారు గానీ, ఆలోపే గార్డియన్ లాంటి పత్రికలు దాన్ని సంతాప వ్యాసాల్లో అచ్చేసుకున్నాయి.

నవ్వుకోవద్దు, ఈ అవ్వ వ్యాసంలోనూ అదే జరగబోయింది. గద్దర్ 2023 ఆగస్టులో పోయినప్పుడు, అంతకుముందు 2020 ఆగస్టులో వంగపండు పోయినప్పుడు మూలాలకు కొదవ లేదు, పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. జాతరల్లో, పెళ్లిళ్లలో పాడే ఆడమనిషి గురించి బతికుండగా ఎవరు రాస్తారు? ఆమె పేరు మొదటిసారి అచ్చయింది పోయిన మర్నాడే, జిల్లా ఎడిషన్లో సింగిల్ కాలమ్ వార్తగా. ఒక పత్రికలో వయసు 78, ఇంకోదాంట్లో 85. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1, అది మా పల్లెల్లో సగం మంది పెద్దోళ్ల పుట్టినరోజు! ‘వెయ్యి పాటలు వచ్చు’ అని కూడా వేశారు. ఎక్కడిదని కొడుకును అడిగితే, విలేకరి అడిగినప్పుడు “వెయ్యి ఉంటాయిలే సార్” అన్నాడట. నేను దాన్ని ఎక్కించి ఉంటే వచ్చే ఏడు జాతరకు ఇంకో విలేకరి నా వ్యాసం చూసి రాసేవాడు, అప్పుడు అదే నాకు రెండో మూలమయ్యేది.

కాబట్టి వెయ్యి ఎక్కించలేదు, పుట్టిన తేదీ పెట్టలేదు, వయసు మాత్రం రెండు పత్రికలు రెండు రకాలుగా రాశాయని ఉన్నదున్నట్టు పెట్టాను. క్రియల సంగతికి చర్చ పేజీలో ఇంకో ఇద్దరితో మాట్లాడి, వీలైనచోటల్లా క్రియ లేకుండా తిప్పి రాశాం. ‘చనిపోయింది’ బదులు వ్యాసం పక్కనుండే వివరాల పెట్టెలో ‘మరణం’ అని, ఎదురుగా తేదీ. “ఇట్లయితే సరే అన్నా” అన్నాడు మనవడు.

తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. తాతయ్యగుంట గుడి దగ్గర, నుదుట పెద్ద బొట్టుతో, నోరు తెరిచి పాడుతూ ఉంది ఆవిడ. చాలా బాగుంది. తీసినవాళ్ల అనుమతి కావాలి, ఎవరు తీశారని అడిగాను.

“జాతరలో ఎవరో తీసినారన్నా.”

పేజీలో ఫొటో ఇంకా లేదు.