పోస్టర్లు అతికించారు సరే, మిగిలిన యూనిట్లెన్ని?

ఆఫీసు నిండా "వెళ్లేటప్పుడు లైట్లు ఆర్పండి" అని పోస్టర్లు పెట్టారు. మరుసటి నెల బిల్లు 6 శాతం తగ్గింది. అది పోస్టర్ల ఘనతేనా? ఆ నెల వేడి తగ్గి ఉండొచ్చు, సెలవులు ఎక్కువ వచ్చి ఉండొచ్చు, ఒక విభాగం ఇంకో భవనానికి మారి ఉండొచ్చు. మీటరు చూపేది వాడిన కరెంటునే. ప్రచారం లేకుంటే ఎంత వాడేవారో అంచనా కట్టి, అందులోంచి వాడింది తీసేస్తేనే పొదుపు తేలుతుంది.

అసలు చిక్కంతా ఆ పొదుపు చిన్నది కావడంలోనే ఉంది. నెలకు 2,00,000 యూనిట్లు వాడే భవనం అనుకుందాం. చిల్లర్లు (ఏసీల కోసం నీటిని చల్లబరిచే యంత్రాలు), లిఫ్టులు, సర్వర్ గది, గాలి తోసే పెద్ద ఫ్యాన్లు సిబ్బంది చేతిలో ఉండవు. వాళ్లు ఆర్పగలిగే లైట్లు, కంప్యూటర్లు, ప్రింటర్ల వాటా 60,000 యూనిట్లనుకుంటే, అందులో 10 శాతం తగ్గించినా ఆదా అయ్యేది 6,000. మొత్తంలో అది 3 శాతమే. నెల కాస్త వేడెక్కితే చిల్లర్లు అంతకంటే ఎక్కువే మింగేస్తాయి. పొదుపు లెక్కలకు చాలా దేశాల్లో పాటించే ఐపీఎంవీపీ పద్ధతి కూడా, రెండేళ్లకు తక్కువ రీడింగులతో మెయిన్ మీటరు నుంచే పొదుపు తేల్చాలంటే అది మామూలుగా 10 శాతం దాటి ఉండాలంటుంది.

కాబట్టి అంతస్తుల వారీగా లైటింగ్, ప్లగ్ సర్క్యూట్లకు సబ్‌మీటర్లు, అంటే ఆ భాగం వాడకాన్నే విడిగా కొలిచే మీటర్లు కావాలి. వాటినీ గుడ్డిగా నమ్మకూడదు. పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకు తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను సీటీ అంటారు. 200/5 సీటీ (200 ఆంపియర్లను 5కి తగ్గించేది) ఉన్నచోట మామూలుగా రీడింగును 40తో గుణించాలి. ఆ అంకె తప్పు పడితే లెక్కంతా తప్పే. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఒకసారి సరిచూస్తే సరిపోతుంది. ప్రచారానికి ముందు కనీసం ఆరు వారాల పాటు అరగంటకో రీడింగు తీసుకోండి. ఏసీ యంత్రాలు వాడే కరెంటు కూడా అదే మీటరులో కలిసి ఉంటే ఏడాది రీడింగులు అవసరం.

ఆ రీడింగుల్లో ముందు చూడాల్సింది రాత్రి భాగం. పని లేకుండా ఆన్‌లో ఉన్న కంప్యూటర్ సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే, వంద కంప్యూటర్లు రాత్రి 14 గంటలు అలాగే ఉంటే 70 యూనిట్లు పోతాయి. నిద్రావస్థలో ఒక్కోటి 2 వాట్లకు దిగితే 3 యూనిట్లు కూడా కాదు. ఆ తేడా గ్రాఫులో కళ్లకు కడుతుంది. అయితే ప్రచారం మొదలైన వారమే ఐటీ విభాగం అన్ని కంప్యూటర్లలో ఆటో స్లీప్ పెట్టిందా? అలాంటప్పుడు ఆ ఘనత పోస్టర్లది కాదు. భవనంలో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో రాసి పెట్టుకోవాలి.

ప్రచారం చేయని అంతస్తులతో పోల్చడం తప్పనిసరి. ఉదాహరణకు ప్రచారం చేసిన అంతస్తు 5,000 యూనిట్ల నుంచి 4,500కి దిగింది, అంటే 10 శాతం. చేయనిది 5,200 నుంచి 4,940కి దిగింది, అంటే 5 శాతం. ప్రచారం ఖాతాలో వేయగలిగింది దాదాపు 5 శాతమే. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది: అందరికంటే ఎక్కువ వాడిన అంతస్తును ప్రచారానికి ఎంచుకోవడం. ఏదో కారణంతో ఆ నెల ఎగబాకిన వాడకం ఏమీ చేయకపోయినా కొంత దిగుతుంది. చీటీలు వేసి ఎంచుకోవడమే మేలు.

"మీరు లైట్లు ఆర్పుతున్నారా?" అన్న సర్వేకు అందరూ అవుననే అంటారు. దానికి బదులు, చెప్పకుండా, ప్రతిసారీ ఒకే వేళకు రాత్రిపూట తిరిగి వెలుగుతున్న లైట్లను, మానిటర్లను లెక్కపెట్టాలి. అదీ శుభ్రం చేసేవాళ్లు వచ్చి లైట్లు వేయక ముందే. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలోని 24 భవనాల్లో జరిగి 2011లో వెలువడిన అధ్యయనమూ మీటర్లనే చూసింది: నెలనెలా వాడకం తెలియజేసిన చోట 7 శాతం, తోటి ఉద్యోగి చేత చెప్పించిన చోట 4 శాతం తగ్గుదల కనిపించింది.

వారం వారం వాడకంలోంచి అంచనాను తీసేసి, వచ్చిన తేడాలను కూడుకుంటూ గీత గీస్తే, పొదుపు సాగినంతకాలం అది కిందికి వాలుతుంది. ఈ పద్ధతికి క్యూసమ్ అని పేరు. పాత అలవాట్లు తిరిగొచ్చిన వారం గీత అడ్డంగా సాగడం మొదలవుతుంది. అది ఎనిమిదో వారమా, ఎనిమిదో నెలా అన్నది తెలియాలంటే, పోస్టర్లు తీసేశాక కూడా ఏడాది పాటు మీటర్లు చదువుతూనే ఉండాలి.