బజ్జీల బండి ముందు మెదడు వేసే లెక్క

తిరుపతి

చిరంజీవులు పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

"వద్దనుకుంటానే తినేస్తాం, ఎందుకు తాతా?" అని అడిగారు. మనసు గట్టిది కాదని ఒక్క మాటతో తేల్చేయడం మా పెద్దవాళ్లకు అలవాటు. ఆ మాట పక్కన పెట్టండి. తలలో జరిగేది ఒక లెక్క. అందులోకి ఏ సంగతి ముందు చేరింది, ఏది ఆలస్యమైంది అన్నదాన్నిబట్టి చెయ్యి కదులుతుంది.

సాయంత్రం ట్యూషన్ వదిలారు. దారిలో మిరపకాయ బజ్జీల బండి. కాగిన నూనె వాసన తగలగానే నడిమెదడులోని కొన్ని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని లోపల న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట వదులుతాయి. డోపమైన్ అంటే ఆనందం అని ఫోన్లో వీడియోలు చెబుతుంటాయి, నమ్మకండి. వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం ఇస్తూ ఈ కణాలను గమనించాడు. మొదట్లో రసం నోట పడినప్పుడు అవి చురుగ్గా స్పందించేవి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, దీపం చూడగానే స్పందించి, రసం వచ్చినప్పుడు ఊరుకున్నాయి. దీపం వెలిగినా రసం రాకపోతే, రావలసిన క్షణానికి ఆ స్పందన మామూలుకన్నా కిందికి పడిపోయింది. అంటే అది రుచికి కొలత కాదు, పెట్టుకున్న ఆశకూ నిజంగా దక్కినదానికీ ఉన్న తేడాకు కొలత.

కెంట్ బెరిడ్జ్ ఎలుకలతో ఇంకో సంగతి తేల్చాడు. డోపమైన్ దాదాపు లేకుండా చేసినా, నాలుక మీద తీపి పడితే అవి మామూలుగానే చప్పరించాయి. కానీ తమంతట తాము తిండి జోలికే పోలేదు. కావాలనిపించడం వేరు, బాగుండటం వేరు. నాలుగో బజ్జీ మొదటిదంత రుచిగా లేకపోయినా చెయ్యి పొట్లంలోకి పోయేది అందుకే.

ఇక నిగ్రహం సంగతి. రెండు కళ్ల మధ్య, నుదుటి వెనక అడుగు వైపున ఉన్న భాగం ఎదురుగా ఉన్న ప్రతిదానికీ ఒక విలువ కడుతుంది. నుదుటికి పక్కగా, పైన ఉన్న మరో భాగం దూరపు లాభనష్టాలను గుర్తుపెట్టుకుంటుంది. 2009లో టాడ్ హేర్, కాలిన్ కామెరర్, ఆంటోనియో రాంగెల్ డైటింగ్ చేస్తున్నవాళ్లకు రకరకాల తినుబండారాలు చూపించి మెదడును స్కాన్ చేశారు. ఆపుకోలేనివాళ్లలో విలువ కట్టే భాగం రుచిని మాత్రమే లెక్కేసింది. ఆపుకున్నవాళ్లలో పక్క భాగం ఎక్కువగా పనిచేసి, ఆరోగ్యాన్నీ అదే లెక్కలో కలిపింది. కోరికను తొక్కిపెట్టడం కాదు, లెక్కకు ఇంకో అంకె చేర్చడం. చిక్కేమిటంటే ఆ అంకె ఆలస్యంగా వస్తుంది. రాంగెల్ బృందం 2015లో కొలిస్తే, రుచి దాదాపు 0.2 సెకను ముందే లెక్కలోకి దిగుతోంది.

కాబట్టి ఆలస్యమయ్యేదాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. "బజ్జీలు తగ్గిస్తాను" అనుకుంటే పని జరగదు, ఎప్పుడు, ఎక్కడ ఏం చేయాలో అందులో లేదు. "బండి కనబడగానే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను" అని రాసుకోండి. పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనల్లో ఈ తీరు ప్రణాళికే మంచి ఫలితమిచ్చింది. "బజ్జీ గురించి ఆలోచించను" అని మాత్రం రాసుకోవద్దు, దానివల్ల బజ్జీయే గుర్తొస్తుంది. ఖాళీ కడుపుతో ట్యూషన్‌కు పోవద్దు. ఆకలేస్తే కడుపులో ఊరే గ్రెలిన్ హార్మోన్ తిండి విలువను ఇంకా పెంచుతుంది. బయల్దేరే ముందు గుప్పెడు శెనగ గుగ్గిళ్లు తినండి.

ఇంట్లో శ్రీవారి లడ్డు ఉంటే ప్రసాదం కాదనమని నేననను. రాగానే చిదిపి, మీ ముక్క కళ్లకద్దుకుని తిని, మిగతాది అప్పుడే పక్కిళ్లకు పంచేయండి. డబ్బాలో పెట్టి అరమీదికి ఎక్కించారా, అటు పోయినప్పుడల్లా లెక్క మళ్లీ మొదలు.

నిద్ర విషయంలో నేను రాజీపడను. ఒక్క రాత్రి నిద్ర లేకపోతేనే మెదడు ముందు భాగం చురుకు తగ్గి, నూనె, తీపి సరుకు మీద కోరిక పెరిగినట్టు 2013లో స్కాన్లలో చూశారు. మీ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఫోన్ పక్కగదిలో ఉండాలి. ఎప్పుడు ఏమొస్తుందో తెలియకపోవడమే దాని లాగుడు.

నిగ్రహం వాడేకొద్దీ అరిగిపోతుందని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. పొద్దున చదివి అలసిపోయాం కాబట్టి సాయంత్రం బజ్జీ తప్పదన్న సాకు ఇక చెల్లదు. అయితే మీ నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది, ఈ మాట మీ అమ్మానాన్నలకూ చదివి వినిపించండి.

మీలో ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం, "ఇది కనబడితే ఇది చేస్తాను" అని, రాసి నాకు పంపండి. ఎక్కడ తప్పుతుందో చూసి సరిచేసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ తాత