ఎర్ర చుక్క కనబడగానే రీసెట్ నొక్కకండి

ప్రియమైన పిల్లలకు,

నెట్‌వర్క్ పనిలో కొత్తగా అడుగుపెట్టారు కదా, మీకు తప్పకుండా ఎదురయ్యే ఒక సమస్య గురించి రాస్తున్నాను. ఒకరోజు క్లౌడ్ డ్యాష్‌బోర్డు, అంటే పరికరాలన్నిటినీ ఇంటర్నెట్ మీదుగా చూసి నడిపే పేజీ, తెరుస్తారు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న ఒక స్విచ్ (కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె) పక్కన ఎర్ర చుక్క, 'ఆఫ్‌లైన్' అన్న మాట కనబడతాయి. టెన్షన్ మొదలవుతుంది. ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది, చెయ్యి రీసెట్ బటన్ మీదికి పోతుంది. ఆ చేతిని కాసేపు ఆపండి.

ఎర్ర చుక్క చెప్పేది ఒక్కటే, ఆ స్విచ్ నుంచి క్లౌడ్‌కు కొంతసేపటిగా కబురు లేదని. స్విచ్ బతికే ఉందా, పోయిందా అన్నది డ్యాష్‌బోర్డుకూ తెలియదు. క్లౌడ్ నుంచి నడిపే స్విచ్‌లో రెండు పనులు వేర్వేరుగా సాగుతుంటాయి. కేబుల్ పెట్టే ఒక పోర్టులో వచ్చిన డేటాను సరైన పోర్టుకు పంపడం మొదటిది. అది లోపలి చిప్ చేసుకుపోతుంది, దానికి క్లౌడ్ అవసరం లేదు. సెట్టింగులు తెచ్చుకోవడం, తన పరిస్థితి పైకి చెప్పుకోవడం రెండోది. దీనికే ఇంటర్నెట్ కావాలి. అందుకని ముందు ఆ స్విచ్ మీద ఆధారపడిన మనుషులను అడగండి, పని జరుగుతోందా అని. జరుగుతోందంటే మొదటి పని బాగానే ఉంది, మీకు నిదానంగా వెతికే సమయం ఉంది.

ఈ మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఒకచోట ఇలాగే ఒక స్విచ్ క్లౌడ్‌కు దూరమైంది. దాని మీద ఉన్నవాళ్లందరూ హాయిగా పని చేసుకుంటున్నారు. నేను వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. దాంతో దానికిచ్చిన స్థిరమైన ఐపీ అడ్రస్, మేనేజ్‌మెంట్ వీలాన్, పోర్టుల సెట్టింగులు అన్నీ పోయాయి. వీలాన్ అంటే అవే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్. స్విచ్ క్లౌడ్‌తో మాట్లాడేది మేనేజ్‌మెంట్ వీలాన్ మీద, మనుషుల పని జరిగేది యూజర్ల వీలాన్లలో. క్లౌడ్ అందితే అవన్నీ తిరిగి దిగేవి, కానీ క్లౌడే అందడం లేదు. అప్పటిదాకా పని చేస్తున్న నలభై మంది ఒక్కసారిగా ఆగిపోయారు. లాగులు (జరిగినవన్నీ స్విచ్ రాసుకునే చిట్టా) కూడా చెరిగిపోయాయి కాబట్టి కారణం వెతకడానికి స్విచ్‌లో ఏమీ మిగల్లేదు. చివరికి తప్పు దొరికింది ఆ స్విచ్‌లో కాదు, దాన్ని ఇంటర్నెట్ వైపు కలిపే పైస్విచ్‌లో. చాలా వీలాన్లను కలిపి మోసే ట్రంక్ పోర్టుకు కొత్త వీలాన్ చేరుస్తూ ఎవరో జాబితా మొత్తం మళ్లీ టైపు చేశారు, మేనేజ్‌మెంట్ వీలాన్ నంబరు అందులో తప్పిపోయింది. యూజర్ల వీలాన్లన్నీ ఉన్నాయి కనుక నేను రీసెట్ చేసేదాకా వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. రీసెట్ కొట్టకుండా పది నిమిషాలు పైస్విచ్ సెట్టింగులు చదివి ఉంటే సరిపోయేది. ఆ నలభై మంది పోగొట్టుకున్న పూట గురించి ఇప్పటికీ బాధపడతాను.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? డ్యాష్‌బోర్డులోనే మొదలుపెట్టండి. ఎర్రబడింది ఒక్క స్విచ్చా, ఆ చోట ఉన్నవన్నీనా? అన్నీ ఒకేసారి పోతే స్విచ్‌ల జోలికి వెళ్లకండి, ఇంటర్నెట్ లైన్, ఫైర్‌వాల్ (ఏది వెళ్లాలో ఏది ఆగాలో తేల్చే కాపలా పరికరం) చూడండి. సంబంధం లేని చోట్ల కూడా పోతే క్లౌడ్ నడిపే సంస్థ స్టేటస్ పేజీ చూడండి. ఒకదాని వెనక ఒకటి తగిలించిన స్విచ్‌లలో రెండు ఎర్రబడితే ఇంటర్నెట్‌కు దగ్గరగా ఉన్నది ముందు చూడాలి. తర్వాత సమయం. చివరి కబురు ఎన్ని గంటలకు వచ్చిందో డ్యాష్‌బోర్డు చెబుతుంది. ఆ సమయానికి కాస్త ముందు ఎవరు ఏం మార్చారో కనుక్కోండి. నా అనుభవంలో సగం కేసులు ఇక్కడే తేలిపోయాయి.

కరెంటు, కేబుల్, పోర్టు లైట్లు సరేసరి, కళ్లతో చూస్తే తెలుస్తాయి. పైస్విచ్ పోర్టులో ఎర్రర్ల లెక్క పెరుగుతుంటే కేబుల్ మార్చండి.

ఇక స్విచ్‌కు ఏ ఐపీ అడ్రస్ ఉందో చూడాలి. చాలా స్విచ్‌లకు లోకల్ పేజీ ఉంటుంది, కొన్నిటికి ల్యాప్‌టాప్ నుంచి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ కావాలి. అడ్రస్ 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ జవాబివ్వలేదని అర్థం. అడిగీ అడిగీ ఎవరూ పలక్కపోతే పరికరం తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. యూనిఫై అనే బ్రాండు స్విచ్‌లైతే ఇలాంటప్పుడు 192.168.1.20 దగ్గర ఆగిపోతాయి. డీహెచ్‌సీపీలో అడ్రసులు అయిపోయి ఉండొచ్చు, లేదా నాకు జరిగినట్టు వీలాన్ దారిలో తెగి ఉండొచ్చు. చుక్క కాసేపు పచ్చగా, కాసేపు ఎర్రగా మారుతుంటే అదే ఐపీ ఇంకో పరికరానికి కూడా ఉందేమో చూడండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫోన్ తీసి, "ఇంటర్నెట్ వస్తోంది కదా, స్విచ్‌దే తప్పు" అంటారు. ఫోన్ ఉన్నది యూజర్ల వీలాన్‌లో. స్విచ్ మాట్లాడేది మేనేజ్‌మెంట్ వీలాన్ నుంచి. రెండిటికీ గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం) వేరు, ఫైర్‌వాల్ నియమాలు వేరు. అందుకే ల్యాప్‌టాప్‌ను మేనేజ్‌మెంట్ వీలాన్‌లోనే పెట్టి, స్విచ్ వెళ్లే దారిలోనే వెళ్లి చూడండి. ముందు గేట్‌వేకు పింగ్ చేయండి, అంటే 'ఉన్నావా' అని చిన్న కబురు పంపి జవాబు వస్తుందేమో చూడండి. తర్వాత బయట ఉన్న ఒక ఐపీకి, ఆ తర్వాత ఒక పేరుకు. అంకెలతో వెళ్తూ పేరుతో వెళ్లకపోతే దోషం పేరును ఐపీగా మార్చే డీఎన్‌ఎస్‌ది. పింగ్‌ను 1983 డిసెంబరులో మైక్ ముస్ అనే ఆయన రాశారు, ఇన్నేళ్లయినా మన చేతిలో అదే మొదటి పనిముట్టు. కానీ పింగ్ వెళ్లినంత మాత్రాన క్లౌడ్ దారి తెరిచి ఉందని నమ్మకండి. ఫైర్‌వాల్ పింగ్‌ను వెళ్లనిచ్చి మిగతావి ఆపగలదు.

ఆ మిగతావి ఏమిటో తయారీదారు పత్రంలో ఉంటుంది. యూడీపీ, టీసీపీ డేటా పంపే రెండు పద్ధతులు, పక్కనుండే అంకె పోర్టు నంబరు, ఇది కేబుల్ పెట్టే పోర్టు కాదు. మెరాకీ బ్రాండు పరికరాలు చాలాకాలంగా యూడీపీ 7351 వాడుతున్నాయి. జూనిపర్ మిస్ట్ అనే క్లౌడ్‌తో నడిచే స్విచ్‌లు టీసీపీ 2200 మీద మాట్లాడతాయి. యూనిఫై తనను నడిపే కంట్రోలర్‌ను టీసీపీ 8080 మీద పలకరిస్తుంది. ఇంకా చాలావాటికి 443 కావాలి. ఈ జాబితాలు మారుతుంటాయి, అందుకని గుర్తున్నదాన్ని నమ్ముకోకుండా ప్రతిసారీ కొత్త పత్రం చూడండి. ఇంకో మాట, క్లౌడ్‌తో సంభాషణ మొదలుపెట్టేది స్విచ్చే, అంటే లోపలి నుంచి బయటికి. బయటి నుంచి లోపలికి దారి తెరవాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానివల్ల ఈ సమస్య తీరదు, పైగా ప్రమాదం.

ఇంతవరకూ అన్నీ సరిగ్గా ఉండి కూడా చుక్క ఎర్రగానే ఉండే సందర్భాలు ఉంటాయి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. తేలిగ్గా కనబడని మూడు కారణాలు చెబుతాను.

మొదటిది గడియారం. చాలా స్విచ్‌లలో కరెంటు పోయాక సమయాన్ని కాపాడే బ్యాటరీ ఉండదు. మళ్లీ కరెంటు రాగానే తాము 1970 జనవరి 1లో ఉన్నామనుకుంటాయి, లేదా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) తయారైన రోజులో. అప్పుడు క్లౌడ్ తన గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ చూపిస్తే, దీని గడువు ఇంకా మొదలే కాలేదు కదా అని స్విచ్ తలుపు మూసేస్తుంది. సమయం సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ కావాలి, అది యూడీపీ 123 మీద వెళ్తుంది. ఫైర్‌వాల్ దాన్ని ఆపితే స్విచ్ అదే తేదీలో కూర్చుంటుంది. ఎన్‌టీపీ సర్వర్‌ను పేరుతో పెట్టారనుకోండి, ముందు డీఎన్‌ఎస్ పలకాలి. ఒకటి ఇంకొకదాని మీద ఎలా ఆధారపడిందో చూడండి. పెద్ద కరెంటు కోత తర్వాతే స్విచ్‌లు పోయాయంటే నేను ముందు తేదీ చూస్తాను. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు ముగిసింది. ఏళ్లుగా అప్‌డేట్ లేని పరికరాలు ఎన్నో ఆ రోజు నుంచి కొన్ని సర్వర్లను నమ్మడం మానేశాయి. వాటి గడియారం సరిగ్గానే ఉంది, నమ్మకాల జాబితా పాతబడింది.

రెండోది ఫైర్‌వాల్ మధ్యలో ఉత్తరం విప్పి చదవడం. భద్రత కోసం కొన్ని ఫైర్‌వాళ్లు రహస్య సంభాషణను విప్పి చూసి, తమ సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతాయి. ఆఫీసు కంప్యూటర్లకు ఆ సర్టిఫికెట్‌ను నమ్మమని ముందే నేర్పి ఉంటారు. స్విచ్‌కు ఎవరూ నేర్పలేదు, అది ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. మేనేజ్‌మెంట్ వీలాన్‌లో పెట్టిన ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో క్లౌడ్ పేజీ తెరిచి, సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో చూడండి. అక్కడ మీ ఫైర్‌వాల్ పేరుంటే కారణం దొరికినట్టే. ఆ క్లౌడ్ అడ్రసులను తనిఖీ నుంచి మినహాయించాలి.

మూడోది ప్యాకెట్ సైజు, అంటే డేటా వెళ్లే ఒక్కో మూట సైజు. ఈథర్‌నెట్‌లో మామూలుగా 1500 బైట్ల ప్యాకెట్ పడుతుంది. పీపీపీఓఈ అనే పద్ధతిలో నడిచే ఇంటర్నెట్ లైనులో ఎనిమిది బైట్లు దానికే పోయి 1492 మిగులుతుంది. పెద్ద ప్యాకెట్ వస్తే, చిన్నది చేసి పంపమని దారిలోని రూటర్ వెనక్కి కబురు పెడుతుంది. ఆ కబురును ఎవరో భద్రత పేరుతో ఆపేస్తే పెద్ద ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. చిన్న పింగ్ వెళ్తుంది, డీఎన్‌ఎస్ పలుకుతుంది, సర్టిఫికెట్లు ఇచ్చిపుచ్చుకునే సమయానికి మాత్రం సంభాషణ నిలిచిపోతుంది, ఎందుకంటే అవి పెద్దవి. ముక్కలు చేయొద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపండి. హెడర్ల 28 బైట్లు కలిపితే 1500. అది వెళ్లక 1464 వెళ్తే దారి 1492దే అన్నమాట.

వీటన్నిటి తర్వాత అకౌంట్ వైపు చూడండి. లైసెన్సు గడువు, సీరియల్ నంబరు ఇంకో అకౌంట్‌లో నమోదై ఉండటం లాంటివి. రెండు నిమిషాల పని.

మీరే చేతులారా తెచ్చుకునే కష్టం ఒకటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. డ్యాష్‌బోర్డు నుంచే మేనేజ్‌మెంట్ వీలాన్ మారుస్తారు, సేవ్ కొడతారు, స్విచ్ కొత్త వీలాన్‌లోకి వెళ్తుంది, అక్కడ దారి ఉండదు. సరిచేసే ఆదేశం పంపడానికి కూడా ఆ దారే కావాలి. ఎంత పెద్దవాళ్లకైనా ఇది జరుగుతుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల సొంత నెట్‌వర్క్ లైన్లను తెంచేసింది, దాన్ని బాగుచేయడానికి ఇంజనీర్లు వాడే సాధనాలు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. కాబట్టి వీలాన్ మార్చేటప్పుడు పాతదాన్ని తీయకుండానే కొత్తదాన్ని దారిలోని ట్రంకులన్నిటిలో చేర్చండి. తర్వాత అన్నిటికంటే దూరంగా ఉన్న స్విచ్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ మార్చుకుంటూ దగ్గరికి రండి. అన్నీ పచ్చబడి ఒక రోజు గడిచాకే పాతది తీసేయండి. క్లౌడ్ అందకపోతే పాత సెట్టింగులకు తమంతట తామే తిరిగివెళ్లే స్విచ్‌లు కొన్ని ఉన్నాయి. దానికి కొంత సమయం పడుతుంది, మధ్యలో కరెంటు తీయకండి.

రీసెట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. స్విచ్‌లోని సెట్టింగులే తప్పని తేలినప్పుడు, ఇదే దారిలో ల్యాప్‌టాప్ క్లౌడ్‌ను చేరుతోందని చూసుకున్నాక చేయండి. ముందుగా లైటు రంగు, ఐపీ, వీలాన్, లాగులు ఫొటో తీసి పెట్టుకోండి.

ఎవరూ వాడని స్విచ్ ఒకటి దొరికితే ఇవన్నీ కావాలని చెడగొట్టి చూడండి. ఒకరోజు డీఎన్‌ఎస్ ఆపండి. ఇంకోరోజు 123 ఆపి, కరెంటు తీసి మళ్లీ పెట్టండి. ఒక్కోసారి చుక్క ఎన్ని నిమిషాలకు ఎర్రబడిందో, స్విచ్ మీద లైటు ఎలా మారిందో రాసి నాకు పంపండి. చదవాలని ఆత్రంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న