తప్పెట కొట్టేవాడు ఏ లిస్టులో ఉన్నాడు?

పండగల సీజన్ వస్తే చాలు, విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ మళ్లీ లేస్తుంది. కళాకారుల పింఛన్ ఎవరికివ్వాలి, అసలు ఫలానావాడు కళాకారుడేనని ఎవరు తేల్చాలి అని. దీని గురించి రాసేవాళ్లు చాలామంది గజపతుల దగ్గర మొదలెట్టి, 1919లో పెట్టిన సంగీత కళాశాల, హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ ద్వారం వారు అని ఒక రౌండేసి వస్తారు. తెలిసిన కథే కదా, వదిలేద్దాం. నా లెక్కలో ఇప్పటి పేచీకి మూలం 2020 మే, జూన్ నెలల్లో ఉంది.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఉగాది రోజు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి వానలు పడేదాకా మన వైపు ఊరూరా అమ్మవారి పండగలు, తీర్థాలు, సంబరాలు. తప్పెటగుళ్లు (రేకు తప్పెట వాయిస్తూ గెంతే గొల్లల ఆట), జముకుల కథ (జముకు అనే వాయిద్యంతో చెప్పే కథ), తూర్పు భాగోతం (మన వైపు వీధి నాటకం) టీములకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించేది ఆ నెలల్లోనే, మిగతా రోజులు పొలం పనో, గొర్రెలో, కూలో. విజయనగరం జిల్లాలో మొదటి కేసు మేలో గానీ రాలేదు, రాష్ట్రంలో ఆఖరున వచ్చిన జిల్లా ఇదే, కానీ ఆటలు మాత్రం మార్చిలోనే బంద్. మళ్లీ 2021లో సెకండ్ వేవ్ కూడా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చి పడింది, అంటే వరసగా రెండు సీజన్లు పోయినట్టే.

సరే, సాయం రాలేదా అంటే వచ్చింది. రేషన్ కార్డుకి వెయ్యి రూపాయలు, ఫ్రీ బియ్యం అందరితో పాటు వీళ్లకీ వచ్చాయి. కాదనడం లేదు. అసలు తేడా ఆ తర్వాత వచ్చింది. మేలో అర్చకులకి, ఇమాములకి, పాస్టర్లకి 5,000 చొప్పున ఇచ్చారు. జూన్‌లో సొంత ఆటో, క్యాబ్ నడుపుకునేవాళ్లకి 10,000, షాపున్న టైలర్లకి, మంగళ్లకి, చాకళ్లకి 10,000, సొంత మగ్గం ఉన్న నేతన్నలకి 24,000. ప్రతి పనికీ ఒక పథకం, ప్రతి పథకానికీ ఒక ఫారం, ఫారంలో వృత్తి అని ఒక గడి. తప్పెటగుళ్లు ఆడేవాడు ఆ గడిలో ఏం రాయించుకోవాలి? కులం గొల్ల, పని వ్యవసాయ కూలీ, ఆట అనేది ఎక్కడా లేదు. డప్పు కళాకారులకి మాత్రం అప్పటికే వేరే పింఛన్ ఉంది, మంచిదే, కానీ తప్పెట డప్పు కాదు, జముకు డప్పు కాదు. ఇంకో చిత్రం, అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన పదివేల వడ్డీ లేని లోన్ పథకంలో బొబ్బిలి వీణ చేసేవాళ్లని చేర్చారు. చేసేవాడి చేతిలో ఒక వస్తువు కనపడుతుంది, ఆడి వెళ్లిపోయేవాడి దగ్గర ఏం కనపడుతుంది?

తప్పెటగుళ్లు చూసినవాళ్లకి ఇంకోటి కూడా తెలుస్తుంది. రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని, కాళ్లకి గజ్జెలు, పదిహేను ఇరవై మంది ఒక్క దరువు మీద గెంతుతారు, చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టి పైనుంచి కూడా తప్పెట ఆపరు. ఆరడుగుల దూరం పాటించి దీన్ని ఎలా ఆడతారు? కొందరు పాటగాళ్లయినా ఇంట్లో కూర్చుని చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి అని పాట కట్టి ఫోన్లో వదలగలిగారు (అదీ ఫ్రీగానే). ఒకప్పుడు అక్షరాస్యతకి, ఎయిడ్స్ ప్రచారానికి కళాజాతాలని, అంటే ఆటపాటల ప్రచార బృందాలని, ఊళ్లు తిప్పినప్పుడు ఎంతో కొంత చేతిలో పెట్టేవారు.

అధికారుల వైపు మాటా ఉంది. కాగితం లేకుండా ఇస్తే ఊళ్లో సగం మంది కళాకారులైపోతారు, ఇదివరకు లిస్టుల్లో దొంగ పేర్లు దూరాయి అంటారు. నిజమే కావచ్చు.

కానీ ఆ కాగితం సంగతి చూడండి. ప్రోగ్రాం డబ్బు పడేది టీం లీడర్ పేరు మీద, మిగతా పదిహేను మందీ ఆడినట్టు ఏ రికార్డూ ఉండదు. 2020, 2021 ప్రోగ్రాంల ఫొటోలు తెమ్మంటే ఎక్కడ్నుంచి తెస్తారు, ఆ 2020 అక్టోబర్‌లో పైడితల్లి సిరిమానోత్సవమే జనాన్ని రానివ్వకుండా జరిపారు కదా. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక రాజాం విజయనగరంలో కలిసింది, పాలకొండ కొత్తగా వచ్చిన పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది, శ్రీకాకుళం పేరుతో ఉన్న పాత గుర్తింపు పట్టుకుని కొత్త కలెక్టరేట్‌కి వెళ్తే మళ్లీ మొదట్నుంచి. ఈలోగా పండగ కమిటీల్లో చాలావాటికి డీజే అలవాటైంది, రెండేళ్లు ఆగిన టీములో కుర్రాళ్లు విశాఖ, హైదరాబాద్ పనులకి వెళ్లిపోతే గోపురంలో కింద నిలబడే భుజాలే లేవు.

2024 జులై నుంచి 4,000 పింఛన్ వచ్చే లిస్టులో డప్పు కళాకారులతో పాటు కళాకారులు అనే మాట కూడా ఉంది. గడి వచ్చింది, అందులోకి ఎవరు అనేదే ఇప్పుడు పేచీ. టీములవాళ్లు అడిగేది రెండే: లీడర్ ఒక్కడి పేరు కాకుండా టీం మొత్తాన్ని పేరుపేరునా రాయండి, ఫొటో లేనిచోట ఏ ఊళ్లో ఆడామో ఆ పంచాయతీ తీర్మానాన్ని సాక్ష్యంగా తీసుకోండి అని. రెండోదానికి పైసా ఖర్చు లేదు, గ్రామసభలో పదిమంది ముందు అడిగితే ఎవడు నిజంగా ఆడాడో, ఎవడు ఫొటోకి నిలబడ్డాడో ఊరే చెప్పేస్తుంది.