చెన్నపట్నం నీళ్ళ సంగతి: మనవలకి అమ్మమ్మ ఉత్తరం

చి. చింటూకి, చి. బుజ్జికి వెస్ట్ మాంబళం నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు ఈ ఊరికి కాపురం మారుతున్నారు కదా, మొన్న ఫోన్లో చింటూ అడిగాడు, "అమ్మమ్మా, చెన్నైలో సముద్రం రోజూ చూడొచ్చా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. నేను ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళు దాటింది. మెరీనాకి వెళ్ళింది ఒంగోలు నుంచి చుట్టాలొచ్చినప్పుడే. వెళ్ళినా పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేయడమే. అక్కడ కెరటం లోపలికి లాగేస్తుంది, స్నానం మాట ఎత్తారంటే ఊరుకోను. ఇంట్లో కూర్చున్నా సముద్రం మనకి చేసే మేలు ఒకటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఏ ఒంటిగంటకో రెండింటికో తూర్పు నుంచి గాలి తిరుగుతుంది. అది ఆలస్యమైన రోజు వీధి వీధంతా విసుక్కుంటుంది.

ఈ ఊళ్ళో రోజూ తలుచుకునేది మాత్రం మంచినీళ్ళని.

నేను కాపురానికొచ్చింది 1982లో. వీధి చివర ఒక చేతిపంపు, దాని ముందు రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరస. మాది ఆకుపచ్చది. కలిసిపోకుండా మీ తాతయ్య మేకు కాల్చి దాని మెడ మీద 'ప' అని గీశారు. వచ్చిన వారానికే వరసలో నిలబడి, వచ్చీరాని అరవంలో "తణ్ణి అవసరం" అన్నాను. ముందున్నావిడ వెనక్కి తిరిగి "ఎన్న అవసరం?" అంది. ఏం అవసరమొచ్చింది నీకు అంటోందనుకుని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అరవంలో అవసరం అంటే తొందర అట! "ఏం తొందరమ్మా" అందావిడ, అంతే. ఆవిడే తర్వాత పాతికేళ్ళు నా పక్కింటి స్నేహితురాలు. వాళ్ళ అత్తగారు ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. ఇలాంటి ఇళ్ళు ఇక్కడ బోలెడు, భాష గురించి టెన్షన్ పడకండి.

ఊరికి నీళ్ళిచ్చేవి ముఖ్యంగా పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు. అవి చాలకే తెలుగుగంగ వచ్చింది. 1983లో ఒప్పందం రాసుకున్నారు, 1996లో కృష్ణ నీళ్ళు పూండి చేరాయి. శ్రీశైలంలో బయల్దేరి, సోమశిల, కండలేరు దాటి, కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు కాలువలో నడిచి వస్తాయి. మీ తాతయ్య ఆ ఏడాది కుళాయి తిప్పి దోసిట్లో పట్టి "మన కృష్ణమ్మే" అని తాగేశారు. అందులో కృష్ణ ఎంతో, చెరువు ఎంతో ఆయనకేం తెలుసు! ఆ సంబరమూ ఎల్లకాలం లేదు. 2019లో వానల్లేక నాలుగు చెరువులూ ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. వీధిలోకి నీళ్ళ లారీ వచ్చి హారన్ వినపడితే మెట్లు దిగి పరిగెత్తేవాళ్ళం, ఈ మోకాళ్ళతోనే.

ఇక వానలొచ్చాయంటే కథ అడ్డం తిరుగుతుంది. మీకు జూన్‌లో మొదలవుతాయి. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరు ఒకటిన తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. చెంబరంబాక్కం నిండి నీళ్ళు వదిలారు, అడయారు నది పొంగింది. మీ చిన్నమామయ్య అప్పుడు జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉండేవాడు, నేనూ ఆ రోజు అక్కడే. తెల్లారకముందే గడప దాటి నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తా ఫ్రిజ్ మీదకెక్కించాం, భద్రంగా ఉంటుందని. కాసేపటికి ఆ ఫ్రిజ్జే తేలింది. మేం మేడ మీదకెళ్ళి, కరెంటూ ఫోనూ లేక రెండు రోజులు కూర్చున్నాం. తర్వాత ఆ గోడకి రెండుసార్లు సున్నం కొట్టించినా, స్విచ్‌బోర్డు ఎత్తున గోధుమరంగు గీత మాత్రం పోలేదు.

ఎందుకిలా అంటే ఊరు పెరుగుతూ పెరుగుతూ నీళ్ళు నిలిచే చోట్లకే వచ్చేసింది. బట్టలకి తీసుకెళ్ళమని మీ అమ్మ గొడవ చేసే టీ నగర్ ఒకప్పుడు పెద్ద చెరువు. 1920లలో దాన్ని పూడ్చి ఇళ్ళు కట్టారు. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు, మధ్యలో పార్కుకి పానగల్ రాజా పేరు. ఇద్దరూ ఆనాటి జస్టిస్ పార్టీ నాయకులు, తెలుగువాళ్ళే. మా పక్కన లేక్ వ్యూ రోడ్డుంది. లేకూ లేదు, వ్యూ లేదు, డిసెంబరులో నీళ్ళు మాత్రం వస్తాయి. దక్షిణాన పళ్ళికరణై చిత్తడి నేలలోనూ ఇళ్ళూ ఆఫీసులూ చెత్తకుప్పా వేశాక, మిగిలినదానికి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే కాపాడుకోవాల్సిన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. చుట్టుపక్కల వాన నీళ్ళన్నీ చేరేది అక్కడికే.

మీ నాన్న ఆఫీసు ఓఎంఆర్‌లో, అదే పాత మహాబలిపురం రోడ్డులో కాబట్టి, ఆ పళ్ళికరణై పక్కనే వేళచ్చేరిలో ఇల్లు చూశామన్నారు. కింది వాటా, ముందు చిన్న తోట, బుజ్జికి తెగ నచ్చిందట. బ్రోకరు "చుక్క నీరు నిలవదు" అన్నాడట కూడా. బ్రోకర్లందరూ అదే అంటారమ్మా. మీరిద్దరూ ఓ పని చేయండి. అమ్మానాన్నలు బాడుగ బేరమాడుతుంటే మీరు గేటు బయటికొచ్చి గోడ కింద చూడండి, గీత ఉందేమో. ఎదురుగా ఇస్త్రీ బండి ఉంటే ఆయన్ని అడగండి, 2015లో, 2023 డిసెంబరు తుఫానులో నీళ్ళు ఎంతవరకొచ్చాయని. ఆయనకి అబద్ధం చెప్పే పనిలేదు. సంపు ఎక్కడుందో, మెట్రో నీళ్ళు, అంటే ఊరి నీటి బోర్డు కుళాయి నీళ్ళు, వస్తాయో, ఉప్పు బోరు ఒక్కటేనో కూడా చూడండి. బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుంటే మీకే తెలుస్తుంది.

ఆదివారం నేనూ వస్తాను ఆ ఇంటికి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని మీ అమ్మతో చెప్పండి. నేను చెబితే వినదు, మీరు చెబితే వింటుంది.

మీ అమ్మమ్మ