ఉల్లి వద్దు, ఇంగువ ముద్దు

"ఉల్లీ వెల్లుల్లీ ముట్టనివాళ్ళు ఇంగువ మాత్రం ఎందుకు వాడతారు? అదీ అదే వాసన కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆమె ముక్కు సరిగ్గానే పసిగట్టింది. మూడింటి ఘాటూ గంధకానిదే. ఒక గంధకం పరమాణువు పక్కనున్న ఇంకో గంధకం పరమాణువును పట్టుకుని ఉండే చిన్న చిన్న అణువులు వెల్లుల్లి ముద్దలోనూ ఉన్నాయి, ఇంగువలోనూ ఉన్నాయి. తేడా అంతా ఆ అణువులు ఎప్పుడు పుట్టాయన్నదాంట్లో ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నాలుగైదు మతాల వంటింటి నియమాలు కొత్తగా కనిపిస్తాయి.

ముందు వెల్లుల్లి. తొక్క ఒలిచిన రెబ్బను, గోరు తగలకుండా, వాసన చూడండి. దాదాపు ఏమీ ఉండదు. నలగ్గొట్టండి, గది నిండిపోతుంది. అంటే ఆ వాసన రెబ్బలో దాగి లేదు, దెబ్బ తగిలిన క్షణంలో తయారవుతోంది. అగ్గిపుల్లనూ అగ్గిపెట్టెనూ తలచుకోండి. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కన గరుకు పట్టీలో ఎర్ర భాస్వరం. విడిగా ఉన్నంతసేపూ రెండూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి, రాసుకుంటే మంట. వెల్లుల్లిలో పుల్ల పేరు అల్లీన్, గరుకు పట్టీ పేరు అల్లినేజ్, అంటే రసాయన చర్యను వేగంగా నడిపించే ఒక ఎంజైమ్. అల్లీన్ ఉండేది కణద్రవ్యంలో. అల్లినేజ్ ఉండేది రిక్తిక అనే సంచిలో. మధ్యలో ఉన్నది ఒట్టి పొర. పురుగు కొరికినా, పన్ను దిగినా, కత్తి పడినా ఆ పొర చిరుగుతుంది. చురుకైన కత్తితో పలచగా తరిగితే కొన్ని పుల్లలే గీసుకుంటాయి. రోట్లో వేసి దంచితే పెట్టెలోని పుల్లలన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. అందుకే తరిగిన వెల్లుల్లి కన్నా దంచిన వెల్లుల్లికి ఘాటు ఎక్కువ.

తర్వాత జరిగేది ఇది. అల్లినేజ్ అల్లీన్‌ను విరగ్గొడితే అమ్మోనియా, పైరువిక్ ఆమ్లం, అల్లైల్ సల్ఫెనిక్ ఆమ్లం వస్తాయి. ఈ మూడోది ఒంటరిగా నిలవలేదు. రెండేసి కలిసి ఒక నీటి అణువును వదిలేసి అల్లిసిన్ అవుతాయి. పచ్చి వెల్లుల్లి నాలుక మీద మండేది దీనివల్లే. దాన్ని 1944లో కవలిటో, బెయిలీ వేరుచేశారు. దానికి తల్లి అయిన అల్లీన్‌ను 1948లో స్టోల్, సీబెక్ పట్టుకున్నారు. అల్లిసిన్ కూడా ఎక్కువసేపు ఉండదు, విడిపోయి డైఅల్లైల్ డైసల్ఫైడ్, ట్రైసల్ఫైడ్ అవుతుంది. మొదట చెప్పిన, గంధకం గంధకాన్ని పట్టుకున్న అణువులు ఇవే. ఉల్లిలోనూ కథ ఇంతే, కాకపోతే ఇంకో ఎంజైమ్ మధ్యలో దూరి సల్ఫెనిక్ ఆమ్లాన్ని కళ్ళు మండించే ఆవిరిగా మార్చేస్తుంది. ఆ ఎంజైమ్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టేదాకా కన్నీటి వాయువు దానంతటదే పుడుతుందనుకునేవారు.

ఎంజైమ్ ప్రొటీన్. వేడికి దాని మడతలు విప్పుకుపోతాయి, పని మానేస్తుంది. చెక్కుచెదరని రెబ్బను నాలుగు నిమిషాలు మరిగే నీళ్ళలో వేసి, తీసి, అప్పుడు నలపండి. మెత్తగా, తియ్యగా ఉంటుంది గానీ ఘాటు రాదు. పుల్లలన్నీ ఉన్నాయి, గరుకు పట్టీ తడిసిపోయింది, అంతే. మైక్రోవేవ్‌లో 60 సెకన్లు పెట్టినా అల్లినేజ్ చచ్చిపోతుంది. బడుల్లో ఎంజైమ్‌ల పాఠం వచ్చినప్పుడు తాళం, తాళంచెవి బొమ్మ గీసి వదిలేస్తారు. ఒక పచ్చి రెబ్బ, ఒక ఉడికిన రెబ్బ పిల్లల చేతికిచ్చి నలపమంటే ఆ పాఠం జన్మలో మరిచిపోరు. దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు, ఏ ఉపాధ్యాయుడైనా రేపే చేయించవచ్చు.

ఇప్పుడు మతాల దగ్గరికి వద్దాం. ఇస్లాంలో ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం కావు. పచ్చిగా తిని ఆ వాసనతో మసీదుకు రావద్దని మాత్రం హదీసులు, అంటే ముహమ్మద్ ప్రవక్త మాటల, చేతల కథనాలు చెబుతాయి. సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఖలీఫా ఉమర్ ప్రసంగం ఒకటుంది. తినక తప్పనివాళ్ళు వాటిని వండి, వాటి వాసనను చంపి తినండని ఆయన అందులో అంటాడు. నాకు ఒళ్ళు పులకరించే మాట ఇది. ఏడో శతాబ్దంలో ఎంజైమ్ అన్న ఊహే లేదు. అయినా నియమపు గీత సరిగ్గా అల్లినేజ్ చచ్చే చోట పడింది. ఇది ముందే తెలిసిన రహస్య విజ్ఞానమని నేను అనడం లేదు. వంట చేసేవాళ్ళంతా రోజూ చూసే సంగతి ఇది, నియమం దాన్ని శ్రద్ధగా పట్టించుకుంది.

భిక్షువుల నియమాల గ్రంథమైన బౌద్ధ వినయ పిటకంలోనూ కారణం పక్కవాడి ముక్కే. వెల్లుల్లి తిన్న భిక్షువు ఒకడు తోటివారికి ఇబ్బంది అవుతుందని బుద్ధుడి బోధ జరిగేచోట దూరంగా కూర్చున్నాడు. ధర్మం వినడానికి అడ్డొచ్చేది తినడమెందుకని బుద్ధుడు దాన్ని వద్దన్నాడు. శిష్యుడు సారిపుత్తుడికి కడుపులో వాతం చేస్తే మాత్రం మందుగా అనుమతించాడు. నోరు కడుక్కుంటే సరిపోయేది కదా అనిపించవచ్చు. సరిపోదు. గంధకం సమ్మేళనాలు పేగుల్లోంచి ఒంట్లోకి చేరాక వాటిలో కొంత అల్లైల్ మిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది. శరీరం దీన్ని త్వరగా వదిలించుకోలేదు. రక్తంలో తిరుగుతూ ఊపిరితిత్తుల్లోంచి ఊపిరిలోకి, చర్మంలోంచి చెమటలోకి గంటల తరబడి వస్తూనే ఉంటుంది. పళ్ళు ఎంత తోమినా వాసన పోకపోవడానికి కారణం అదే.

జైనుల గీత వేరే చోట ఉంది. వారికి అడ్డు వాసన ఒక్కటే కాదు. నేలలో ఊరే దుంపలు, గడ్డలు అనంతకాయాలు, అంటే ఒకే శరీరాన్ని లెక్కలేనన్ని జీవాలు పంచుకునేవి. పెరికితే అవన్నీ పోతాయి. అందుకే ఏ వాసనా లేని బంగాళాదుంప కూడా వద్దు. పచ్చి అల్లం వద్దు గానీ ఎండిన శొంఠి పర్వాలేదు. ఇంగువ కూడా గడ్డ కాదు, ఎండిన జిగురు.

ద్విజులు వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగులు తినరాదని మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతుంది. దీన్ని శాకాహారంతో ముడిపెట్టి చూడటం మనకు అలవాటు. కాశ్మీరీ పండితుల వంటిల్లు ఆ ముడిని విప్పేస్తుంది. మాంసం వండుతారు, ఉల్లి వెల్లుల్లి వేయరు, ఇంగువ, సోంపు, శొంఠి వేస్తారు. బెంగాల్లో కాళీకి బలిచ్చిన మేక మాంసాన్ని ఉల్లి వెల్లుల్లి లేకుండా వండి, దాన్నే నిరామిష మాంసం అంటారు.

మరి ఇంగువ? ఇది ధనియాలు, జీలకర్ర, క్యారట్ కుటుంబానికి చెందిన ఫెరులా మొక్కల పాలు. ఉల్లికి చుట్టరికం కూడా లేదు. ఇరాన్, అఫ్గానిస్తాన్ చలి ఎడారుల్లో కొన్నేళ్ళు పెరిగిన మొక్క వేరు పైభాగాన్ని కోస్తే పాలు కారి గడ్డకడతాయి. పొర మీద పొరగా మళ్ళీ మళ్ళీ కోసి గీకి తీస్తారు. మన దేశంలో సాగు ప్రయత్నం ఈమధ్యే మొదలైంది. 2020 అక్టోబరు 15న హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలోని క్వారింగ్ గ్రామంలో పాలంపూర్ సీఎస్ఐఆర్ సంస్థ తొలి మొక్క నాటింది. ఇంగువ వాసనలో పెద్ద వాటా బ్యుటైల్ ప్రొపినైల్ డైసల్ఫైడ్‌ది. ఆ ప్రొపినైల్ ముక్క ఉల్లిలోనూ ఉంటుంది. ఇక్కడ అగ్గిపుల్లా లేదు, గరుకు పట్టీ లేదు. ఎప్పుడో కాలిన మంట తాలూకు పొగను పట్టి జిగురులో బంధించినట్టు, తయారైపోయిన డైసల్ఫైడ్‌లే ఉన్నాయి. కనుక వేడి చేసినా చంపడానికి ఎంజైమ్ లేదు. కాగే నేతిలో చిటికెడు వేస్తే ముక్కు మూసుకునేలా చేసే తేలిక అణువులు ఆవిరైపోతాయి, కొవ్వులో కరిగే మిగతావి నిలిచి ఉల్లిని తలపిస్తాయి. వండిన ఉల్లి మెత్తబడుతుంది, వండిన ఇంగువ నిలుస్తుంది. ఉల్లి స్థానంలో ఇది కుదిరిందంటే కారణం ఇదే.

అసలు విచిత్రం చైనాలో ఉంది. అక్కడి మహాయాన బౌద్ధులు పాటించే బ్రహ్మజాల సూత్రం అయిదు ఘాటు మొక్కలను నిషేధిస్తుంది. ఆ అయిదింట్లో ఉల్లి, వెల్లుల్లి జాతులతోపాటు ఇంగువ కూడా ఉంది! జైన గృహిణికి ఏది ప్రత్యామ్నాయమో చైనా సన్యాసికి అదే నిషిద్ధం. పాఠకురాలి ముక్కు పట్టిన పోలికను ఆ సూత్రం రాసినవారు కూడా పట్టారన్నమాట. వాసన చూసి గీత గీస్తే ఇంగువ లోపలికి రాదు. మొక్కను, గడ్డను, జీవాన్ని చూసి గీస్తే వస్తుంది.

శూరంగమ సూత్రమనే మరో మహాయాన గ్రంథం ఇంకో అడుగు వేసి, ఇవి వండి తింటే కామం, పచ్చిగా తింటే కోపం పెరుగుతాయంటుంది. తామస గుణం పెరుగుతుందని మనవాళ్ళు కూడా అంటారు. ఆధ్యాత్మిక క్రమశిక్షణగా ఎవరైనా వదిలేస్తే అది వారి ఇష్టం, గౌరవిస్తాను. "సైన్స్ నిరూపించింది" అని దానికి తోక తగిలించి పంచుకోవడం మాత్రం తప్పు. ఉల్లి తింటే మనిషికి కోపం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కోసిన ఉల్లి గదిలో పెడితే క్రిములను లాగేస్తుందన్న మాట కూడా అంతే. యూదు సంప్రదాయమైతే పూర్తిగా ఎదురు దిక్కు. శుక్రవారం రాత్రి వెల్లుల్లి తినాలని ప్రాచీన గురువు ఎజ్రా నిర్ణయించాడని యూదుల ధర్మగ్రంథం తల్మూద్ చెబుతుంది. అదే గంధకం అక్కడ పండుగ భోజనం.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైనది బోవర్ రాతప్రతి. 1890లో మధ్య ఆసియాలోని కుచా దగ్గర దొరికిన ఈ భూర్జపత్ర సంస్కృత గ్రంథం వెల్లుల్లి మహిమతోనే మొదలవుతుంది. రాక్షసుడి తెగిన కంఠం నుంచి కారిన రక్తంలో పుట్టింది కనుక బ్రాహ్మణులు తినరంటుంది. వెంటనే దారి కూడా చూపిస్తుంది. ఆవును మూడు రాత్రులు దాదాపు మేత లేకుండా ఉంచి, రెండు పాళ్ళ గడ్డికి ఒక పాలు వెల్లుల్లి కాడలు కలిపి మేపి, దాని పాలు, పెరుగు, నెయ్యి, మజ్జిగ బ్రాహ్మడు పుచ్చుకోవచ్చట.

ఇందులో రసాయనం ఉంది. అడవి వెల్లుల్లి మేసిన ఆవు పాలు వాసన వేస్తాయని పాడి రైతులకు తెలుసు. 2016లో జర్మనీ పరిశోధకులు పచ్చి వెల్లుల్లి తిన్న తల్లుల పాలల్లో అల్లైల్ మిథైల్ సల్ఫైడ్‌ను, దాన్నుంచి ఒంట్లో తయారైన సల్ఫాక్సైడ్, సల్ఫోన్‌లను గుర్తించారు. వాసన మొదటిదానికే, మిగతా రెండింటికీ లేదు. మొదటిది 92 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కనుక వెన్న కాచి నెయ్యి తీసేసరికి అందులో చాలా భాగం ఎగిరిపోవాలి, పాలల్లో, పెరుగులో ఎక్కువ మిగలాలి. ఇది నా అంచనా. ఒక ఆవు, ఆవిరయ్యే అణువులను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒకటి ఉన్న పశువైద్య కళాశాల ఏదైనా పూనుకుంటే వారం రోజుల్లో తేల్చేయవచ్చు.