రైల్వే కొలువు నుంచి రింగ్‌వుడ్ బాస్కెట్‌బాల్ కోర్టు దాకా: గీతూ అన్నా జోస్ ప్రయాణం వెనకటి చరిత్ర

చెన్నైలో పెరంబూరు, అయనావరం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో రైల్వే ఉద్యోగానికి ఉన్న గౌరవం ఈనాటిది కాదు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేంతవరకు విజయవాడ డివిజను, 1977 దాకా గుంతకల్లు డివిజను మద్రాసు కేంద్రంగా నడిచే దక్షిణ రైల్వేలోనే ఉండేవి కాబట్టి, ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి స్థిరపడినవారి పిల్లలు, మనవలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు. ఆ ఇళ్లలో అమ్మాయి బాస్కెట్‌బాల్ బాగా ఆడుతోందంటే పెద్దవాళ్లు మొదట అడిగేది స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా అనే. విదేశీ క్లబ్బుకు ఆడి జీతం తెచ్చుకోవచ్చన్న ఊహ ఎవరికీ తట్టదు. ఈ రెండు దారుల్లోనూ నడిచిన క్రీడాకారిణి ఒకరు ఇదే నగరంలో, ఇదే దక్షిణ రైల్వేలో పనిచేశారు. ఆమె గీతూ అన్నా జోస్. ఆమె వెళ్లిన దారిలో ఆ తర్వాత ఎందుకింత తక్కువమంది కనిపిస్తారో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించారు. అదే పాఠశాలలో చదువుకున్న హ్యారీ క్రో బక్ మద్రాసుకు వచ్చి 1920లో వ్యాయామ విద్యా పాఠశాలను ప్రారంభించారు. ఇప్పుడు నందనంలో ఉన్న వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మన పెద్దలు డ్రిల్లు మాస్టారు అని పిలుచుకున్న తరం ఉపాధ్యాయుల కథలో నందనానికి పెద్ద చోటే ఉంది. దాన్ని మనం తగినంతగా గుర్తు చేసుకోలేదని నా అభిప్రాయం.

ఆట పాఠశాలల ద్వారా వ్యాపించింది కానీ, పెద్దయ్యాక ఆడేవారిని పోషించే బాధ్యత మాత్రం ప్రభుత్వ సంస్థల మీద పడింది. 1950లో బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడిన తర్వాత కూడా దేశంలో ప్రొఫెషనల్ లీగ్ రాలేదు. రైల్వేలు, సైనిక దళాలు, బ్యాంకులు, చెన్నైలో అయితే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి సంస్థలు క్రీడాకారులను ఉద్యోగులుగా తీసుకుని జట్లు నడిపాయి. మహిళల జాతీయ పోటీల్లో భారతీయ రైల్వే జట్టు ఏళ్ల తరబడి చూపిన ఆధిపత్యం ఈ ఏర్పాటు ఫలితమే. మధ్యతరగతి ఇంటి అమ్మాయి చదువు అయ్యాక కూడా ఆట మానకుండా ఉండగలిగిందంటే ఆ నెలజీతమే కారణం, దాన్ని చిన్నచూపు చూడడం అన్యాయం. అయితే ఈ ఏర్పాటులో ఆట టోర్నమెంట్ల చుట్టూ తిరుగుతుంది: క్యాంపు పెడతారు, వారం పదిరోజుల్లో వరుసగా మ్యాచ్‌లు ఆడిస్తారు, ఆ తర్వాత మళ్లీ గట్టి పోటీ కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

గీతూ 1985లో కేరళలోని కొట్టాయం ప్రాంతంలో పుట్టారు. మొదట వాలీబాల్ ఆడి, తర్వాత బాస్కెట్‌బాల్‌కు మారారు. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు ఉన్న ఆమె బుట్టకు దగ్గరగా ఉండి ఆడే సెంటర్ స్థానంలో ఆడేవారు. దక్షిణ రైల్వేలో చేరి చెన్నై కేంద్రంగా ఆడుతూ, 2006 నుంచి 2008 వరకు మూడు సీజన్లు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ తూర్పు శివారులోని రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకు ఆడారు. ఆస్ట్రేలియా క్లబ్బుకు ప్రొఫెషనల్‌గా ఆడిన తొలి భారతీయ మహిళ ఆమే.

అప్పట్లో ఆ జట్టు ఆడిన బిగ్ వి పోటీ విక్టోరియా రాష్ట్ర స్థాయి లీగ్. ఆ దేశపు అత్యున్నత మహిళా లీగ్ దానికి పైన ఉంటుంది. ఈ సంగతి చెప్పడం ఆమె సాధించినదాన్ని తగ్గించడానికి కాదు. అక్కడ సీజను నెలల తరబడి సాగుతుంది, వారం మధ్యలో సాధన చేసి వారాంతంలో మ్యాచ్ ఆడతారు, ఈ వారం చేసిన తప్పును దిద్దుకునే అవకాశం వచ్చేవారమే వస్తుంది. పైగా విదేశీ క్రీడాకారిణి స్థానాలు పరిమితం కాబట్టి, అలా వచ్చినవారు స్థానికుల కంటే మెరుగ్గా ఆడి తీరాలి. మన టోర్నమెంట్ పద్ధతి ఇవ్వలేనిది సరిగ్గా ఇదే.

2009లో ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ చెన్నైలోనే జరిగింది. చైనా గెలిచింది. ఏటా సుదీర్ఘ లీగ్ ఆడే దేశాలకూ మనకూ ఉన్న తేడా ఈ నగర ప్రేక్షకులకు కళ్లెదుటే కనిపించింది.

2011లో గీతూ అమెరికా వెళ్లి, అక్కడి అత్యున్నత మహిళా లీగ్ అయిన మహిళల ఎన్‌బీఏలోని షికాగో స్కై, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్, శాన్ ఆంటోనియో సిల్వర్ స్టార్స్ జట్ల ఎంపిక పరీక్షల్లో పాల్గొన్నారు. చోటు దక్కలేదు. అప్పుడు ఆ లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, ఒక్కో జట్టుకు 11 మంది. అంటే మొత్తం ప్రపంచానికి 132 స్థానాలు. వాటికోసం పోటీపడేవారిలో ఎక్కువమంది నాలుగేళ్లపాటు అమెరికా కళాశాల జట్లలో రాటుదేలినవారు, చలికాలంలో ఐరోపా క్లబ్బులకు ఆడి వచ్చేవారు. అప్పటికి 25 ఏళ్లున్న గీతూ వెనక ఉన్నవి రాష్ట్ర స్థాయి లీగ్‌లో మూడు సీజన్లు, మిగతావన్నీ టోర్నమెంట్లు. ప్రతిభ సరిపోలేదని తేల్చేసేవారు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. 2013లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఆమె ఆడిన భారత జట్టు ఐదో స్థానం సాధించింది. 2014లో ఆమెకు అర్జున అవార్డు వచ్చింది.

పురుషుల్లో ఈ దారి కొంత ఆలస్యంగా తెరుచుకుంది. పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్ పద్నాలుగేళ్ల ప్రాయంలోనే, 2010లో, ఫ్లోరిడాలోని అకాడమీకి వెళ్లి, 2015లో అమెరికా పురుషుల లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 52వ ఎంపికగా డల్లాస్ మావెరిక్స్‌కు ఎంపికయ్యాడు. అమృత్‌పాల్ సింగ్ 2017లో ఆస్ట్రేలియా క్లబ్బు సిడ్నీ కింగ్స్‌లో చేరాడు. మహిళల్లో పి.ఎస్. జీనా కూడా గీతూ ఆడిన రింగ్‌వుడ్‌కే ఆడింది. 2017లో బెంగళూరులో జరిగిన ఆసియా కప్ రెండో డివిజను ఫైనల్లో భారత మహిళలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించారు కానీ, ఆ విజయం తర్వాత కూడా విదేశీ లీగులకు వెళ్లిన అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

ఈమధ్య ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) వంటి దేశీయ లీగ్ వచ్చింది, అందులో చెన్నై హీట్ పేరుతో మనకూ ఒక జట్టు ఏర్పడింది. అయినా మన ఇళ్లలోని లెక్క మారలేదు. దేశం తరఫున ఆడడానికి ప్రభుత్వ ఉద్యోగికి ప్రత్యేక సెలవు దొరుకుతుంది. అదే ఉద్యోగి ఒక విదేశీ క్లబ్బుతో ఆరునెలలకు ఒప్పందం చేసుకోవాలంటే పైఅధికారుల అనుమతి కావాలి, సర్వీసు, పదోన్నతి ఏమవుతాయోనన్న బెంగ ఉంటుంది. స్పోర్ట్స్ కోటా నియామక పత్రం అందుకునే ఇరవై ఏళ్ల అమ్మాయికి, ఆ ఉద్యోగం పోకుండానే రెండు మూడు సీజన్లు బయట ఆడి రావచ్చని అదే కాగితం మీద రాసి ఇస్తే, గీతూకు దక్కిన వారం వారం మ్యాచ్‌లు మరికొందరికి దక్కుతాయి.